ఎనభై చేంతాళ్ల దూరం

పోయిన ఆదివారం తొమ్మిదింటికి వస్తానన్న మా తమ్ముడు పోశెట్టి తొమ్మిదీ పదకొండుకు వచ్చాడు. పదిహేడేళ్లు పట్టాళంలో ఉండి వచ్చి, ఇప్పుడు పదిహేనేళ్లుగా నాందేడ్‌లో పిల్లలను గడియారం పట్టుకుని తరుముతున్న మనిషి పదకొండు నిమిషాలు ఆలస్యం చేశాడంటే కారణం ఉండాలి. ఉంది. వెనకాల పందొమ్మిదేళ్ల పిల్ల ఒకతె భుజాన సంచితో వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పేరు రేణుక. కిన్వట్ అవతల అడవి అంచున వాళ్ల ఊరు. ఏడాదిన్నరగా మా తమ్ముడి దగ్గర ట్రయథ్లాన్ నేర్చుకుంటోంది. ఆ మాట తెలియనివాళ్లకు చెబుతాను: నీళ్లలో కిలోమీటరున్నర, సైకిలు మీద నలభై, కాళ్ల మీద పది, వెరసి యాభై ఒకటిన్నర కిలోమీటర్లు. మూడూ ఒకదాని వెంట ఒకటి చేయాలి. బట్టలు మార్చుకునే సమయం కూడా లెక్కలోకే వస్తుంది.

"లోపలికి రా బిడ్డా, ఎంతసేపు నిలవడ్తవ్" అన్నాను.

"వద్దు ఆజీ. మధ్యాహ్నం బండికి ఊరికి పోతున్న" అంది నేలను చూస్తూ. మా వైపు పిల్లలు అమ్మమ్మను ఆజీ అనే పిలుస్తారు.

"పోతదట! మొత్తానికే పోతదట!" అన్నాడు పోశెట్టి. "పోయిన వారం విష్ణుపురి డ్యాం నీళ్లల్ల నాలుగు వందల మీటర్లు పోయి పడవ అంచు పట్టుకున్నది. గంతే. ఇగ నేను పిరికిదాన్ని, నాతోని కాదు అంటాంది. అక్కా, నువ్వు జర చెప్పు. మొదటిసారి పట్టాళం భర్తీల నాకు గుండె ఎట్ల జారిందో చెప్పు. నేను చెప్తె నమ్ముతలేదు. మీకు భయమేంది సర్ అంటాంది. నువ్వు ఆ దినాలు చూసినదానివి. సాక్షి నువ్వే."

టీ పెట్టి వస్తానని నేను వంటింట్లోకి నడిచాను. నిజానికి నాకు టీ తాగే వేళ అది కాదు. కానీ ఆ సాక్ష్యం చెప్పడానికి ముందు నాకు కొంచెం వ్యవధి కావలసి వచ్చింది.

నేను ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పిన పంతులమ్మను. ఇప్పుడు అరవై ఏడేళ్లు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ప్రతిరోజూ డైరీ రాశాను. ఏ రోజు ఏం జరిగిందో తేదీతో సహా తీసి చూపించగలను. ఇప్పుడు రాసుకుంటున్న మా ఇంటి కథలో ఈ అధ్యాయానికి తేదీలు వేయవద్దన్నాడు తమ్ముడు. "తేదీలేస్తె తహసీలు కాగితం లెక్కుంటది అక్కా, ఎవలు సదువుతరు?" అన్నాడు. సరే, వయసులు మాత్రం రాస్తాను. అప్పుడు వాడికి పదిహేడున్నర, నాకు ఇరవై ఆరు దాటి అయిదు నెలలు.

మా ఊరు నాందేడ్ జిల్లా కుండల్‌వాడికి ఆరు కిలోమీటర్లు. నేను కుండల్‌వాడి బడిలో కొత్తగా చేరాను. పొద్దున జీపులో వెళ్లి సాయంత్రం జీపులో వచ్చేదాన్ని. పది మంది కూర్చునే జీపులో సగటున పదహారు మందిమి ఉండేవాళ్లం. ఇంట్లో మేం నలుగురమే: బాపు, అవ్వ, నేను, పోశెట్టి. అవ్వ కోడి కూయకముందే లేచి వాకిలి చల్లేది. తర్వాత పెరట్లో బావి. ఇంటికీ పశువులకూ కలిపి రోజుకు నలభై బిందెలు చేదేది. నలభై అన్నది అవ్వ చెప్పిన లెక్క కాదు, నేను ఒక వారం కూర్చుని లెక్కపెట్టి తేల్చిన సగటు. ఆ తర్వాత జొన్న రొట్టెలు. అవ్వ అరచేతుల మధ్య రొట్టె చప్పుడు వింటూనే నేను నిద్ర లేచేదాన్ని. నీళ్లపొయ్యి పొగ, తడిసిన పేడ, పెనం మీద మొదటి రొట్టె అంచు మాడిన వాసన, ఈ మూడూ ఆ వరసలోనే నా పక్క దగ్గరికి వచ్చేవి.

బాపు నిజాం కాలంలో ఉర్దూ నాలుగు జమాతులు చదివాడు. దాంతో ఆయనకు సగం మాట ఉర్దూ, సగం తెలుగు, తిట్టు మాత్రం మరాఠీ. ఆయనకు ఒక చేతిగడియారం ఉండేది. స్నానం కాగానే దానికి ఇరవై చుట్లు కీ ఇచ్చేవాడు, ఒక్క చుట్టు ఎక్కువా తక్కువా కాకుండా. దాన్ని ముట్టుకునే హక్కు ఆయన తర్వాత ఇంట్లో నాకొక్కదానికే. "మా బిడ్డ లెక్కంటె పక్కా. పట్వారి తప్పొచ్చు, మా బిడ్డ తప్పది" అని ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు. ఆ మాట నాకు ఎంత ఇష్టమో అప్పుడు నాకే తెలియదు. ఇప్పుడు తెలుసు. మిగతా కథంతా ఆ ఇష్టం వల్లనే వచ్చింది.

వానకాలం పంట ఇంటికి చేరాక బాపు తాళ్లు పేనేవాడు. గోంగూరను మా వైపు పుంటికూర అంటాం, మరాఠీవాళ్లు అంబాడీ అంటారు. ఆకు కూరకు, కాడ నారకు. కాడలను వాగు నీళ్లలో నానేసి తెచ్చి నార తీస్తుంటే ఇల్లంతా కుళ్లు వాసన. అవ్వ ముక్కుకు కొంగు కట్టుకుని ఆయనను తిడుతూనే నార ఎండేసేది. ఆ నారతో పేనిన తాడే మా బావికి చేంతాడు. మంచాలకు నులకా అదే.

పట్టాళం భర్తీ మూడు నెలల్లో నాందేడ్‌లో ఉందని జీపులో ఎవరో చెప్పారు. పదహారు వందల మీటర్లు అయిదున్నర నిమిషాల్లో ఉరకాలి. పోశెట్టి పత్తిచేలో పని తప్పితే చాలునన్న సంతోషంతో ఒప్పుకున్నాడు. మరి పదహారు వందల మీటర్లు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు? రోడ్డు మీద కిలోమీటరు రాయి మా ఊరి దగ్గర లేదు. ఉన్నా దాన్ని నేను నమ్మేదాన్ని కాదు. ఒక ఆదివారం బడి నుంచి కొలత టేపు తెచ్చి, మిట్ట మధ్యాహ్నం చేంతాడును వాకిట్లో చాపి, సరిగ్గా ఇరవై మీటర్ల దగ్గర ఎర్రదారం కట్టాను. తాడు ఎనభై సార్లు వేస్తే పదహారు వందలు. అందులో నలభై పోవడానికి, నలభై రావడానికి. మర్నాడు తెల్లవారుజామున ఇద్దరమూ కుండల్‌వాడి బాటలో తాడు వేసుకుంటూ పోయాం. వాడు ముందు కొస, నేను వెనక కొస. వెనక నుంచి అవ్వ కేక: "తాడు జల్ది తెండ్రి, దూడకు నీళ్లు వెట్టాలె!" అప్పటికే ఆమె చేదవలసిన నీళ్లలో సగం చేదింది. తాడు చేతుల్లో చల్లగా, బరువుగా నీళ్లు కారుతోంది. నలభయ్యో తాడు ముగిసిన చోట ఒక బండరాయికి సున్నం పూశాం. నేను లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాను. నలభై అంటే నలభయ్యే.

ఆ మూడు నెలలూ రోజూ నేను వాకిట్లో గడియారం పట్టుకుని నిలబడేదాన్ని. వాడు రాతిని తాకి వచ్చేవాడు. మొదటి రోజు ఏడు నిమిషాలు పట్టి, వచ్చి దూడ పక్కన కూలబడ్డాడు. అవ్వ ఇద్దరికీ కలిపి ఒకేసారి నీళ్లు తెచ్చింది. చివరి వారానికి అయిదు నిమిషాల ఇరవై సెకండ్లు. పది సెకండ్లు చేతిలో ఉన్నాయి. "పాస్ అయినట్టే" అన్నాను. నేనన్నానంటే అయినట్టే.

భర్తీకి బాపు వెంట వెళ్లాడు, గడియారంతో సహా. అయిదున్నర నిమిషాలు కాగానే గీత దగ్గర తాడు అడ్డం పట్టేశారు. తాడుకు అవతల మిగిలినవాళ్లలో రెండోవాడు పోశెట్టి. బాపు గడియారంలో అయిదు నిమిషాల ముప్పై మూడు. మూడు సెకండ్లు. సాయంత్రం జీపు దిగుతూనే బాపు అన్నాడు: "ఇంటికాడ ఇరవై, ఆడ ముప్పై మూడు! గడియారం అదే, కాళ్లు అవే. మరి ఏం తక్కువైంది? గుండె! పోరనికి గుండె లేదు." పోశెట్టి కంచం ముందు కూర్చున్నాడు. చేతులు కడుక్కుని, తినకుండా లేచాడు. పడుకోబోతూ నా దగ్గరికి వచ్చి, "కాళ్లు వణికినయ్ అక్కా. బాపు అన్నది నిజమే" అన్నాడు.

వారం గడిచింది. ఎండలు ముదిరి మంచాలన్నీ వాకిట్లోకి వచ్చాయి. అవ్వ రోజూ సాయంత్రం చేసే పనే ఆ రోజూ చేసింది. కుంగిన నులక మంచం మీద చెంబెడు నీళ్లు చిలకరించింది. నేను కొలతల పాఠం రాసుకుంటూ ఎందుకు చల్లుతావని అడిగాను. "నానితె నార గుంజుకుంటది బిడ్డా. మంచం బిగుస్తది. గింత సదువుకున్నవ్, గది ఎర్క లేదా?" అంది. నా చేతిలో కలం ఆగింది. పుట్టిన నాటి నుంచీ చూస్తున్న పని అది. మర్నాడు పొద్దున తడి తాడును టేపు పక్కన పెట్టి కొలిచాను. ఎర్రదారం పందొమ్మిది మీటర్ల దగ్గర ఉంది. పందొమ్మిది ఎనభైలు పదిహేను వందల ఇరవై. మూడు నెలలూ వాడు నేను చెప్పిన దూరానికి ఎనభై మీటర్లు తక్కువే ఉరికాడు.

అప్పుడే వెళ్లి బాపుకూ వాడికీ చెప్పి ఉంటే ఈ అధ్యాయం ఇక్కడే ముగిసేది. నేను చెప్పలేదు. పట్వారి తప్పొచ్చు, నేను తప్పను కదా. ఎండిన తాడుతో మళ్లీ కొలిచి, సున్నపు రాయిని రెండు తాళ్ల దూరం ముందుకు జరిపాను. పోశెట్టి అడిగాడు: "ఇదెందుకక్కా?" అప్పుడు నేను చెప్పిన మాట నా డైరీలో ఉంది. "పోవుడు రెండు, వచ్చుడు రెండు, నాలుగు తాళ్లు ఎక్కువ ఉరుకు తమ్మీ. అది భయం పాలు. ఇంటికాడ ఎక్కువ ఉరికితె ఆడ భయం ఎంత తిన్నా ఇంకా మిగులుతది." చాలా తెలివైన మాట అనుకున్నాను. వాడు నమ్మాడు. ఆరు నెలలు ఉరికి, ఆ తర్వాతి భర్తీలో తొమ్మిది సెకండ్లు మిగిల్చి పాసయ్యాడు. బాపు ఊరంతా చక్కెర పంచాడు. పంచుతూ ప్రతి ఇంట్లోనూ "మొదటిసారి గుండె జారింది, ఇప్పుడు కుదురుకుంది" అని చెప్పాడు. చనిపోయే దాకా ఆయనకు అది ఇష్టమైన ముచ్చట.

పట్టాళంలో వాడి పేరు శెట్టి అయింది. దక్షిణాది శెట్టి అంటే హోటలు వాడని అనుకుని మొదటి వారమే వంటశాలకు పంపి ఇడ్లీలు చేయమన్నారట. మా ఇంట్లో అప్పటికి ఎవరూ ఇడ్లీ చేసి ఎరుగరు. వాడు జొన్న రొట్టెలు చేసి పెట్టాడు. తర్వాత వంతెనలు కట్టే దళంలో వేశారు. నదిలో ముందుగా ఒకడు నడుముకు తాడు కట్టుకుని అవతలి ఒడ్డుకు ఈదాలి. ఎవరు పోతారు అని అడగడం ఆలస్యం, వీడి చేయి లేచేది. చలికాలపు నదుల్లో, వరద నదుల్లో, ప్రతిసారీ మొదట చేయెత్తింది వీడే. ఉత్తరంలో రాసేవాడు: "అందరు నాకు శానా ధైర్యం అంటరు అక్కా. నాకు ఎర్కే గద నా సంగతి. అందుకే ముందుగాల పోత." నేను ఆ ఉత్తరాలు చదివి నదుల వెడల్పు ఎంతో రాయమని జవాబు ఇచ్చేదాన్ని.

ముప్పై అయిదేళ్ల వయసులో పింఛనుతో వచ్చి నాందేడ్‌లో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకితో కూర్చున్నాడు. ఏడేళ్లు కూర్చున్నాడు. నడుము కొలత ఎనిమిది అంగుళాలు పెరిగింది. ఒకరోజు బ్యాంకులో పడి ఉన్న పేపరులో ట్రయథ్లాన్ గురించి చదివి పరుగున ఆ ఊళ్లోనే ఉన్న మా ఇంటికి వచ్చాడు. "అక్కా, ఈత నాకు పట్టాళం నేర్పింది. సైకిల్ నాందేడ్ నేర్పింది. ఉరుకుడు నువ్వు నేర్పినవ్. ఈ మూడు కలిపి పోటీ వెట్టిండ్రు. ఇది నాకోసమే వెట్టిండ్రు" అన్నాడు. నలభై మూడో ఏట, ఎనిమిది నెలలు తయారై, పుణె దగ్గర ఒక పోటీకి పోయాడు. గడియారం పట్టడానికి నన్నూ తీసుకుపోయాడు. స్టాండు, క్యారియరు, గంట, అన్నీ ఉన్న సైకిలు రైల్లో వేసుకుపోయాం.

నీళ్లలో నుంచి వాడు ముందువాళ్లతోనే బయటికి వచ్చాడు. నా గుండె పొంగింది. ఒడ్డుకు రాగానే మా తమ్ముడు ఆగి, తూర్పుకు తిరిగి సూర్యుడికి మూడు దోసిళ్లు నీళ్లు విడిచాడు. గోదావరిలో మునిగిన ఏ మనిషైనా చేసే పనే. తర్వాత, తడి తలతో ఉంటే జలుబు చేస్తుందని అవ్వ నేర్పినట్టు తల తుడుచుకున్నాడు. తర్వాత పట్టాళం నేర్పినట్టు తువ్వాలను అంచులు కలిపి నాలుగు మడతలు పెట్టాడు. చొక్కా అన్ని గుండీలూ పెట్టుకుని లోపలికి దోపుకున్నాడు. మేజోళ్లు రెండూ ఒకే ఎత్తుకు వచ్చాయో లేదో వంగి చూసుకున్నాడు. తొమ్మిది నిమిషాల నలభై సెకండ్లు. సైకిలు దిగాక స్టాండు వేసి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, జేబు గుండీ పెట్టుకుని అప్పుడు పరుగెత్తాడు. ఇంకో రెండు నిమిషాల పది. చివరి నుంచి మూడోవాడుగా వచ్చాడు.

"తాళమెందుకేసినవ్ తమ్మీ?"

"కొత్త ఊరు గదక్కా."

రైల్లో నేను కాగితం తీశాను. ఎనిమిది నెలల కష్టంతో తగ్గింది నాలుగు నిమిషాలు, బట్టలకు పోయింది పన్నెండుకు పది సెకండ్లు తక్కువ. మర్నాటి నుంచి మా ఇంటి ముందే సాధన. ఒంటి మీద బకెట్టు నీళ్లు పోసుకోవడం, బూట్లు తొడుక్కోవడం, సైకిలెక్కి వీధి చివరి దాకా పోవడం, మళ్లీ రావడం, మళ్లీ బకెట్టు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "కాకూ, భావూలా కాయ్ ఝాలం?" అని మెల్లగా నన్ను అడిగింది. తమ్ముడికి ఏమైందో ఆమెకు ఎలా చెప్పను? పదకొండో రోజుకు ఒక నిమిషం యాభై సెకండ్లకు దిగాడు. మరి సూర్యుడి సంగతి ఏమిటని అడిగాను. "ఉరికేకంటె ముందే ఇస్తున్న అక్కా. అడ్వాన్స్" అన్నాడు. నవ్వడానికి వచ్చిన వీధి పిల్లలు వారం తర్వాత తామూ ఒక్కొక్క బకెట్టు తెచ్చుకున్నారు. వాడు కోచ్ అయింది అలాగే. ఇప్పుడు నాయ్‌గావ్ నుంచి, కిన్వట్ నుంచి కూడా వస్తారు. వాళ్ల చేతిగడియారాలు ఆకాశంతో మాట్లాడి ఎంత దూరం పోయారో మీటరు తేడా లేకుండా చెబుతాయి. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో కూడా చెబుతాయి. మాకు ఊరంతటికీ ఉన్నవి ఒక గడియారం, ఒక తాడు, ఒక పంతులమ్మ. మూడింటిలో రెండు తప్పాయి.

అయినా వాడి దగ్గర ఒక్క పద్ధతి మాత్రం మారలేదు. వంద మీటర్లు ఈదాల్సిన చోట నూటయిదు. పది కిలోమీటర్లు ఉరకాల్సిన చోట పదిన్నర. నూటికి అయిదు ఎక్కువ, అదే ఎనభై తాళ్లకు నాలుగు. "ఇది భయం పాలు" అంటాడు. కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ మొదటి రోజు తన మొదటి భర్తీ కథ చెబుతాడు. గుండె జారిన కథ. తన సిగ్గును అంత మంది ముందు విప్పి చెప్పే కోచ్ ఇంకొకడు ఉండడని పిల్లలకు వాడంటే ప్రాణం. పదిహేనేళ్లలో ఆ కథ నేను కనీసం ఇరవైసార్లు విన్నాను, ప్రతిసారీ తల ఊపాను.

టీ పొంగింది. మూడు గ్లాసులు తీసుకుని ముందుగదిలోకి వచ్చాను. రేణుక సంచి ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

"ఆ, చెప్పక్కా" అన్నాడు పోశెట్టి.

ఈసారి తల ఊపితే సరిపోదు, నా నోటితో చెప్పాలి. చెప్పాను. "తమ్మీ, ఆ దినం నీకు గుండె జారలే."

"జారింది. నాకు యాది ఉంది గద. కాళ్లు వణికినయ్."

"వణికితె వణకనీ. నేను లెక్క చెప్తున్న, విను." తాడు సంగతి, తడి సంగతి, రాయి జరిపిన సంగతి అన్నీ వరసగా చెప్పాను. పాఠం చెప్పినట్టు చెప్పాను. వేరేలా చెప్పడం నాకు చేతకాదు.

వాడు గ్లాసు కింద పెట్టాడు. "ఇరవై కాదా? పందొమ్మిదా?"

"పందొమ్మిది."

"నీకు ఎన్నడు ఎర్కయింది?"

"వారానికి."

"నలభై ఏండ్లాయె అక్కా."

"నలభై ఏండ్ల ఏడు నెలలు" అన్నాను. అనకూడదు. నోటికి వచ్చేసింది.

"బాపు పోయేదాక నాకు గుండె జారిందనే అన్నడు. నువ్వు పక్కనే ఉంటివి."

"ఉంటి." నా దగ్గర ఉన్నది ఒక్క లెక్క మాత్రమే. కాగితం తీసి వాడి ముందు పెట్టాను. "ఇగో, ఇది సూడు. ఇంటికాడ నీ మంచి పరుగు అయిదు నిమిషాల ఇరవై. అది పదిహేను వందల ఇరవై మీటర్లకు. అదే జోరుతోని పదహారు వందలు ఉరికితె అయిదు నిమిషాల ముప్పై ఏడు కావాలె. నువ్వు ఆడ ముప్పై మూడుల ఉరికినవ్. నాలుగు సెకండ్లు జల్ది. గుండె జారినోడు జల్ది ఉరుకడు తమ్మీ. పుట్టినకాడికెళ్లి నువ్వు అంత జోరుగ ఉరికింది ఆ దినమే."

వాడు నా చేతిలోంచి పెన్సిలు తీసుకుని భాగహారం తనే చేశాడు. మళ్లీ చేశాడు. మూడోసారి కూడా అదే వచ్చింది. పెన్సిలు పెట్టేసి పెరట్లోకి పోయి నల్లా తిప్పాడు.

"ఆజీ, సర్ ఏడుస్తున్నరా?" అంది రేణుక మెల్లగా.

"మొఖం కడుక్కుంటున్నడు."

"గింతసేపా?"

"పట్టాళమోళ్లు గట్లనే కడుగుతరు."

వాడు మొహం తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. అప్పుడు రేణుక లేచి నిలబడింది. సంచి భుజాన వేసుకుంది. "సర్, అయితె మీకు భయం కాలే. నాకైతె అయింది. నిజంగనే అయింది. మీరు నా లెక్కనే అనుకున్న గన్కనే ఇన్ని దినాలు ఉన్న" అంది.

నలభై ఏళ్ల తప్పు దిద్దుకుందామని నోరు తెరిస్తే, ఆ పిల్లను నిలిపి ఉంచిన ఒక్క ఆధారం ఊడబీకాను. నిజం చెప్పడానికి సరైన వేళ ఎప్పుడో నా డైరీల్లో ఎక్కడా రాసి లేదు.

పోశెట్టి కుర్చీలోంచి జారి ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. "కూసో బిడ్డా" అన్నాడు. "పదిహేనేండ్లకెళ్లి భయం గురించి నేనే చెప్పిన, మీరంత విన్నరు. నాకు అది కానే కాలేదట. అక్క లెక్క తీసింది. మరి అసలు సంగతి నువ్వు చెప్పు. నీళ్లల్ల ఏమైంది?"

"ఏం చెప్పాలె సర్?"

"మొదటికెళ్లి చెప్పు. నేను ఎన్నడు అడగలే గద."

ఆమె సంచి కింద పెట్టి కూర్చుంది. చెప్పింది. "పూల్‌ల కింద నల్ల గీత ఉంటది సర్. దాన్ని చూసుకుంట పోత. ఆడ గీత లేదు. కిందికి చూస్తె ఏం కనవడలే. చేను ఉన్నదో, చెట్లు ఉన్నయో, ఎంత లోతో. మా అడవిల ఎంత చీకటున్నా కాలు కింద నేల ఉంటది. ఆడ నేలే లేదు. చేతిల గడియారం గుండె నూట తొంభై అని చూపెట్టింది. అది చూస్తె ఇంకా భయమైంది." ఇంకా చాలా చెప్పింది. చిన్నప్పుడు వాగు దాటడం, వాళ్ల అమ్మ చేయి జారడం. ఇరవై రెండు నిమిషాలు చెప్పింది. అంతసేపు మా తమ్ముడు నోరు తెరవకుండా కూర్చున్న రోజు నా దగ్గర మరొకటి నమోదై లేదు.

అన్నీ విన్నాక అన్నాడు: "రేపు పొద్దుగాల పోదాం. నేను నీకంటె జర ముందుకు, జర కిందికి ఉంట. పచ్చ రంగు చొక్కా తొడుక్కుంట. నన్నే చూసుకుంట రా."

"ఎన్ని మీటర్లు సర్?"

"నువ్వు చాలు అన్న దాక."

"భయం పాలు?"

"అది లేదు. దాని సంగతి అక్కతోని తర్వాత మాట్లాడుకుంట." అప్పుడు మొదటిసారి నా వైపు చూశాడు. "అక్కా, రేపు నువ్వు రాకు. అస్తె గడియారం తీస్కస్తవ్."

నేను వెళ్లలేదు. ఆ సోమవారం విష్ణుపురిలో రేణుక ఎంత దూరం ఈదిందో నా దగ్గర లెక్క లేదు. వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. డైరీలో ఆ చోటు ఖాళీగా వదిలాను. ఎనిమిది దాటాక తడి తలలతో ఇద్దరూ నేరుగా మా వంటింట్లోకి వచ్చి, పొయ్యి దగ్గరే కూర్చుని జొన్న రొట్టెలు పుంటికూరతో తిన్నారు. ఆమె అయిదు, వాడు నాలుగు. అవి మాత్రం లెక్కపెట్టాను.